ఓట్ల తర్వాత పక్కింటి గేటు

మా క్వార్టరుకూ పక్క క్వార్టరుకూ మధ్య ఒకటే గోడ. కంపెనీ వాళ్లు ఇటుకలు మిగులుతాయని అట్లా కట్టారో, కార్మికులు కలిసిమెలిసి ఉంటారని కట్టారో నాకు తెలియదు. అటు పోపు వేస్తే ఇటు తుమ్ములొస్తాయి. వాళ్లింట్లో ఎవరికి జలుబు చేసిందో నాకు తెలుస్తుంది, మా ఇంట్లో ఎవరు అలిగారో వాళ్లకు తెలుస్తుంది. ఇన్నేళ్లు ఆ గోడ పక్కనే కాపురం చేసి, ఒక్క పెద్ద సంగతి మాత్రం నేను కనిపెట్టలేకపోయాను. దానికి కారణం ఎలక్షన్లు.

పక్కింటాయనను నేను అన్నా అంటాను. ఆయన నన్ను చెల్లె అంటాడు. ఆ లెక్కన ఆయనా మా ఆయనా బావ, బావ అనుకుంటారు. చుట్టరికం ఏమీ లేదు, క్వార్టర్లు పంచినప్పుడు కలిసిన వరస. ఇద్దరిదీ ఒకే బాయి. మా దగ్గర బొగ్గు గనిని బాయి అనే అంటారు, నీళ్లు తోడే బావి అనుకోకండి. బాయిలో ఇద్దరిదీ ఒకే జోడి. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా ఆపులు నిలబెట్టడం వాళ్ల పని. నిలబెట్టే ముందు ఇనుప కడ్డీతో కప్పును కొట్టి చూడాలి. గట్టి కప్పయితే ఖంగుమంటుంది. లోపల పగులు ఉంటే, చిల్లు కుండను కొట్టినట్టు డొల్లగా మోగుతుంది. ఒకరు కొడితే ఇద్దరూ వింటారు. డొల్లగా వినిపిస్తే ఇద్దరూ వెనక్కి దూకాలి. పని అంతా చెవులతోనే.

నాకు మాత్రం ఆ పని అంటే భయం. మా పెద్దక్క పెనిమిటిని ఇట్లాంటి కప్పు కిందినుంచే పైకి తెచ్చారు. ఆ తెచ్చిన తీరు నేను చూశాను, ఇక్కడ రాయను. అప్పటినుంచీ మా ఆయన సర్వీసు ముగిసేలోపు ఎట్లాగైనా బాయి పైన పని రావాలని మొక్కని దేవుడు లేడు. ఆయన మోకాళ్లు ఎప్పుడో అరిగిపోయాయి. లేచినా కూర్చున్నా పాత తలుపు లెక్క కిర్రుమంటాయి. పొద్దున దగ్గు మొదలుపెడితే గోడ అవతలి వదిన కూడా లేస్తుంది. వదిన అంటే అన్న భార్య. ఆమె నన్ను, నేను ఆమెను వదినా అనే పిలుచుకుంటాం.

ఎలక్షన్లు రాగానే ఆయన మోకాళ్లకు మంచిరోజులు వచ్చాయనుకున్నాను. మా ఆయనది ఒక పార్టీ యూనియన్, అన్నది ఇంకో పార్టీ యూనియన్. ఇది కొత్త కాదు. ఇన్నేళ్లూ వేరువేరు జెండాలు మోసి, ఒకే సైకిల్ మోటారు మీద డ్యూటీకి పోయి, ఒకే టిఫిన్‌లో అన్నం తిన్నారు. ఈసారి మా యూనియన్ లీడరు మా ఇంటికొచ్చి, చాయ్ తాగి, ఇంట్లో కూర్చున్న నాకు కూడా వినిపించేటట్టు మాటిచ్చాడు.

"అక్కా, ఫికర్ చెయ్యకు. మన సర్కారు వస్తే బావకు లైటు రూముల పోస్టు పక్కా."

లైటు రూము బాయి పైనే ఉంటుంది. బాయి దిగే ప్రతి మనిషికీ అక్కడ టోపీ లైటు ఇస్తారు, పైకి వచ్చాక తిరిగి తీసుకుని చార్జింగుకు పెడతారు. కుర్చీ ఉంటుంది. ఫ్యాను ఉంటుంది. కప్పు సిమెంటుది. ఆ మూడోది నాకు అన్నిటికంటే నచ్చింది.

ఊళ్లో పెళ్లికి కుక్కల హడావుడి అన్నట్టు, రాజధానిలో ఎవరు కూర్చుంటారో తేల్చే ఎన్నికకు మా కాలనీలో కొట్టుకు చచ్చారు. పొద్దున ఒక ఆటో మైకు, మాపు ఇంకో ఆటో మైకు. ఫస్టు షిఫ్టు పోయేవాళ్ల ముందు ఒక గేట్ మీటింగు, సెకండ్ షిఫ్టు పోయేవాళ్ల ముందు ఇంకో గేట్ మీటింగు. బాయి గేటు దగ్గర నిలబడి దిగేవాళ్లకు ఉపన్యాసం చెప్పడాన్ని గేట్ మీటింగు అంటారు. దిగేవాడు ఎటూ పోలేడు కాబట్టి వింటాడు.

ఒకరోజు అట్లాంటి మీటింగు నుంచి వచ్చి మా ఆయన చెప్పులు విడుస్తూ అన్నాడు, "ఇయ్యాల్టి నుంచి పక్కింటోనితోని నాకు మాటల్లేవు."

"ఏమైంది?"

"పార్టీ విషయం."

"గట్లెట్ల? పొద్దుగాల ఇద్దరు కలిసే పోయిండ్రు గదా!"

"పొద్దుగాల పొద్దుగాలనే. అందరి ముంగట చెప్పి వచ్చిన. నన్ను ఇంకేం అడుగకు."

అంతలో పక్కింటి గేటు ధడేల్మని పడింది. మా దండెం మీది బట్టలు కూడా ఊగాయి. అన్న అంతకుముందు గేటు అంత గట్టిగా వేసేవాడు కాదు. ఈయన మీది కోపం ఇనుప గేటు మీద చూపుతున్నాడనుకున్నాను.

ఆ రోజు నుంచి అదే వరస. అన్న వస్తే గేటు ధడేల్. పోతే గేటు ధడేల్. నేను వాకిట్లో నిలబడి "అన్నా, బాగున్నవా?" అంటే తల తిప్పకుండా పోయేవాడు. అబ్బో, ఎంత పొగరు వచ్చింది ఈయనకు అనుకున్నాను. కాలనీ చివర కిరాణం ఆయన పిలిచినా పలకలేదట. కిరాణం ఆయనది మా పార్టీయే కాబట్టి ఆయనకూ అనుమానం రాలేదు. ఎలక్షన్ల కాలంలో మనిషి పలకకపోతే ఏ పార్టీ అని చూస్తారు తప్ప ఏమైందని ఎవరూ చూడరు.

బాయిలో వాళ్ల సంగతి ఇంకా తమాషా అయింది. జోడి మార్చమని ఇద్దరిలో ఎవరూ అడగలేదు. పక్కపక్కనే పని, మాటలు మాత్రం లేవు. ఏదైనా చెప్పాలంటే టోపీ లైటు ఊపుకునేవారట. ఇట్లా ఊపితే ఆగు, అట్లా ఊపితే వెనక్కి రా. బాయిలో అందరికీ ఇది సినిమా అయింది. "ఒడ్డున ఓట్ల పంచాయితీ, లోపల లైట్ల పంచాయితీ" అని నవ్వుకునేవారని మా ఆయనే చెప్పాడు. చెప్పేటప్పుడు ఆయన మొహంలో కోపం ఏమీ కనిపించలేదు. నేను పట్టించుకోలేదు.

మేము ఆడవాళ్లం మాత్రం మాటలు మానలేదు. గోడ మీదుగా కూరగిన్నెలు అటూ ఇటూ పోతూనే ఉన్నాయి. వదిన ఎందుకో ఈ గొడవకు ఏడవలేదు, తిట్టలేదు. "మొగోళ్ల పంచాయితీ మనకెందుకు వదినా" అని గిన్నె తీసుకుని జల్దిగా లోపలికి పోయేది. ఆమెకు ఓపిక ఎక్కువ అనుకున్నాను.

ఓట్లయ్యాయి. మా పార్టీ సర్కారు వచ్చింది. కాలనీలో పటాకులు కాల్చారు, గులాల్ చల్లారు, మా లీడరు ఓపెన్ టాప్ జీపు ఎక్కి మా వీధిలో రెండుసార్లు తిరిగాడు. మొదటిసారి సరిగా చూడలేదని కావచ్చు. పక్కింటి ముందు పటాకుల దండ పేలుతుంటే అన్న వాకిట్లో మొక్కలకు నీళ్లు పోస్తూనే ఉన్నాడు. ఉలిక్కిపడలేదు, తిరిగి చూడలేదు. ఓడినా ఎంత గట్టి గుండె అని మొదటిసారి కొంచెం గౌరవం కలిగింది.

ఇక లైటు రూము మాదే అని నేను ఎదురుచూస్తున్నాను. లీడరు కబురు పెడితే మా ఆయన "చూద్దాం" అన్నాడు. మళ్లీ కబురొస్తే మళ్లీ "చూద్దాం".

"ఏం జూస్తవయ్యా?" అని అడిగాను. "మోకాళ్లు జూస్తవా, దగ్గు జూస్తవా? కుర్సీ ఉన్నది, ఫ్యాను ఉన్నది, నెత్తి మీద సిమెంటు కప్పున్నది. నీకు నౌకరియిస్తె అత్తగారింటికి పొమ్మన్నట్టు మొహం పెడ్తవేంది?"

"గింత జల్దేమున్నది. జోడిని నడుమల ఇడిశిపెట్టి వస్తె బాగుండదు."

"మాట్లాడని జోడి ఉంటేంది, పోతేంది!"

ఆయన దగ్గాడు. వాదన ఇష్టం లేనప్పుడు కూడా ఆయనకు దగ్గు వస్తుంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ రోజు అన్నంలో చారు మాత్రమే పోశాను. పచ్చి పులుసు కూడా కాదు.

ఇంతలో అసలు గొడవ మొదలైంది. ఓట్లప్పుడు కొట్టుకున్నవాళ్లు ఓట్ల తర్వాత కౌగిలించుకుంటే ఎంత నష్టం జరుగుతుందో మా కాలనీని అడగాలి. అవతలి యూనియన్ లీడరు ఒక మంచిరోజు చూసుకుని, తన మందీ మార్బలంతో వచ్చి మా పార్టీ కండువా కప్పుకున్నాడు. నిన్నటిదాకా మా వాళ్లను దొంగలన్న నోటితోనే మా వాళ్లకు జిందాబాద్ కొట్టాడు. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు. వాళ్ల జెండా దిమ్మెకు మా రంగు వేశారు. కొత్త రంగు ఆరనే లేదు, పాతది కింద నుంచి తొంగిచూసేది. మా పాత కార్యకర్తలు ఊరుకుంటారా? యూనియన్ ఆఫీసులో కుర్చీలు లేచాయి, ఒకరి ఫ్లెక్సీని ఒకరు చించారు. ఒకే పార్టీకి ఒకే గేటు దగ్గర రెండు మైకులతో రెండు గేట్ మీటింగులు నడిచాయి. బాయి దిగే వాళ్లు రెండు మైకుల మధ్యలోంచి తల వంచుకుని పోయేవారు. మెడలో దండతోనే ఒక పెద్దమనిషి దవాఖానకు పోయాడు.

అన్న కూడా తన లీడరు వెంట పోయి కండువా కప్పుకున్నాడు. మరునాడు మా దండెం మీదా వాళ్ల దండెం మీదా ఒకే రంగు కండువాలు ఆరుతున్నాయి. నేను మా ఆయనను లాక్కొచ్చి చూపించాను.

"చూడు. గిప్పుడు ఒకటే పార్టీ. ఇగనన్న మాట్లాడుకుంటరా?"

"పాత కోపం గదా. ఉంటది," అన్నాడు.

వారం తిరగకముందే నల్లా దగ్గర ఒక ఆడమనిషి నాతో అంది, "మీ ఆయన దేవుడమ్మా. గసొంటి త్యాగం ఎవ్వలు చేస్తరు?"

"ఏం త్యాగం?"

నల్లా దగ్గర అందరికీ తెలిసింది, నాకే తెలియదు. ఇద్దరు లీడర్లు రాజీకి కూర్చున్నారట. కొత్తగా వచ్చిన లీడరు తన వాళ్లలో ఒకరికైనా పైపని ఇవ్వాలని పట్టుబట్టాడట. మా లీడరు కక్కలేక మింగలేక ఉంటే మా ఆయన లేచి, "నా లైటు రూము పోస్టు నా జోడికి ఇయ్యుండ్రి. నేను కోపం చేసుకోను" అన్నాడట. ఆ పొద్దుననే గేట్ మీటింగులో మైకు పట్టుకుని ప్రకటించారు. పార్టీ ఐక్యత కోసం, శత్రువుకు కుర్చీ ఇచ్చిన మహానుభావుడని మా ఆయన భుజాల మీద శాలువా కప్పారు. నా మొగుడి మోకాళ్లతో వాళ్లు ఐక్యత కట్టుకున్నారు.

బిందె అక్కడే వదిలేసి ఇంటికొచ్చాను. మా ఆయన డ్యూటీలో ఉన్నాడు, దొరకలేదు. గోడ అవతల, కొత్త పనిలో ఇంకా చేరని అన్న దొరికాడు. పీట వేసుకుని, నాకు వీపు పెట్టి, చిక్కుడుకాయలు ఒలుస్తున్నాడు. నేను మా రోలు మీదికెక్కి గోడ మీద చేతులు పెట్టాను.

"ఏమన్నా, సల్లగ కూసున్నవా? కూసో! ముందొచ్చిన చెవులకంటె ఎనకొచ్చిన కొమ్ములు వాడి అంటె ఏందో అనుకున్న, ఇయ్యాల కండ్లార జూస్తున్న. ఓట్లప్పుడు మా మొహం జూడలె, పిలిస్తె పలుకలె. కండువా మార్చినవు, కుర్సీ కొట్టేసినవు. నా మొగని మోకాళ్లు నీ కండ్లకు కనబడలేదా? రేపు ఆయన మీద కప్పు కూలితె నువ్వు ఫ్యాను కింద కూసోని జూస్తవా? నీ కడుపుల సల్ల వొయ్య, గింత ఇమానం లేకుంట ఎట్ల అన్నం తింటున్నవే అన్నా!"

వీధిలో రెండు తలుపులు తెరుచుకున్నాయి. అన్న ఇంకో చిక్కుడుకాయ తీశాడు. ఈనె లాగాడు. పక్కన పెట్టాడు. తొందరేమీ లేదు.

కోపం వచ్చిన మనిషికి వీపైనా కొంచెం బిగుస్తుంది. ఆ వీపు మెత్తగా, మామూలుగా ఉంది. నా నీడ పీట ముందు పడిందేమో, ఆయన తల తిప్పి నన్ను చూశాడు. మొహమంతా నవ్వు.

"ఏం చెల్లె, అన్నం తిన్నవా?" అన్నాడు, మైదానం అవతల ఉన్న మనిషిని పలకరించినట్టు, పెద్ద గొంతుతో.

వెనక వంటింటి గడప మీద వదిన నిలబడి ఉంది. ఆమె అంతా వింది. పిండి అంటిన చేయి ఎత్తి తన చెవిని ముట్టుకుని, వద్దన్నట్టు నాకు తల ఊపింది. ఆమె కళ్లు నిండి ఉన్నాయి.

నేను రోలు దిగి, చుట్టూ తిరిగి, వాళ్లింటికి వెళ్లాను. వదిన నన్ను లోపలికి లాగి తలుపు దగ్గరికి వేసింది.

"ఎండకాలం నుంచే మొదలైంది వదినా. ఒక చెవి ముంగట పోయింది, ఓట్లు వచ్చేసరికి రెండోది గూడ పోయింది. దవాఖానల చూపిస్తె పనికి రాడని రాసిస్తరు. రాసిస్తె ఇంటికి పొమ్మంటరు. చిన్నబిడ్డ నర్సింగు సదువు ఇంకా నడుమలనే ఉన్నది."

"మరి బాయిల ఎట్ల? ఆ కప్పు సప్పుడు..."

"మీ ఆయన ఇంటడు. విని లైటు ఊపుతడు. మాటల్లేవని అందరి ముంగట చెప్పుడు గూడ ఆయన ఉపాయమే. నీకు చెప్పుత అంటె, వద్దని ఒట్టు పెట్టిచ్చిండు."

చెవిటివాడి ముందు శంఖం అనే సామెత నాకు తెలుసు. ఎందుకో ఆ పూట నోటికి రాలేదు. నేనక్కడే కింద కూర్చుని ఏడ్చాను. వదిన మీద జాలికి కొంత, అన్నను అన్న మాటలకు కొంత. ఎక్కువ మాత్రం భయానికి. ఇన్నాళ్లూ నా మొగుడి నెత్తి మీది కప్పును ఇద్దరు వింటున్నారని నేను హాయిగా నిద్రపోయాను. వినేది ఆయన ఒక్కడే. ఆయన దగ్గులో ఉన్న క్షణం కప్పు పగిలి ఉంటే, చెప్పేవాళ్లు లేరు.

మధ్యాహ్నం మా ఆయన వచ్చాడు. చేతిలో టిఫిన్, భుజం మీద శాలువా. అన్నం పెట్టాను. రెండు ముద్దలు తిన్నాక అడిగాను.

"అన్నకు చెవులు వినొస్తలేవని నాకెందుకు చెప్పలె?"

ఆయన ముద్ద ఆపాడు. "నీకు చెప్తె నల్లా కాడ చెప్పినట్టే గదా."

నాకు చాలా కోపం వచ్చింది, కానీ నిజం కాబట్టి మింగాను. "గందుకని పార్టీ పేరు జెప్పి కొట్లాట పెట్టుకున్నవా?"

"రోగమంటె అందరు అడుగుతరు. పార్టీ అంటె ఎవ్వడు అడుగడు. మీటింగుల నేను ఆయనను పిలిస్తె పలుకలె. బాయిల మా పని జూసే సర్దారు మా దిక్కే జూస్తున్నడు. నాకు ఏం తోచలె. పార్టీ వేరని నన్ను జూస్తలేడు, ఇయ్యాల్టి నుంచి మాటల్లేవు అని ఒర్రిన. సర్దారు నవ్వుకుంట పోయిండు."

"నీ మోకాళ్లు?"

"మోకాళ్లు పోతె కుంటుకుంట పని చేస్త. ఆయనకు చెవులు పోయినయ్. ఎవలు ముంగట మీదికి రావాలె, నువ్వే చెప్పు."

నా మనసు చెప్పే జవాబు వేరు, అది బయటికి చెప్పదగింది కాదు. ఆయనే మళ్లీ అన్నాడు, "గిప్పుడు శ్రీరాంపూర్ నుంచి కొత్త జోడిగాడు వచ్చిండు. వానికి రెండు చెవులు మంచిగున్నయ్. ఇన్నొద్దులు ఇద్దరి పని నేనొక్కన్నే ఇన్న. ఇగ నాకు గూడ పానం నిమ్మలం."

నిమ్మళమట! పెరుగు వేసి పళ్లెం ముందుకు జరిపాను. ఆ శాలువాను మిక్సీ మీద దుమ్ము పడకుండా కప్పాను. ఇప్పటికీ అక్కడే ఉంది.

అన్న లైటు రూములో చేరాడు. అక్కడ వినాల్సిన పని లేదు. నంబరు చూసి లైటు ఇవ్వాలి, నంబరు చూసి తీసుకోవాలి. మా ఆయన కిటికీ ముందు నిలబడితే లైటు ఇచ్చేవాడు. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడేవారు కాదు. బాయిలో జనం "ఇంకా కోపం తగ్గలేదు వీళ్లకు" అని నవ్వుకునేవారు. ఈలోగా మళ్లీ ఎలక్షన్లు వచ్చాయి, ఢిల్లీవి. మా లీడరు అలిగి అవతలి పార్టీకి పోయాడు. జెండా దిమ్మెకు మళ్లీ రంగు. మా ఆయన ఏ పార్టీలో ఉన్నాడని ఎవరైనా అడిగితే నాకు నిజంగానే తెలియదు.

ఒకటి మాత్రం వదిన చెప్పగా తెలిసింది. డ్యూటీ అయిపోయినా అన్న లైటు రూము వదిలేవాడు కాదట. తర్వాతి షిఫ్టు వాడు వచ్చి కూర్చున్నా పక్కన నిలబడే ఉండేవాడట. మా ఆయన నంబరు లైటు తిరిగి వచ్చి చార్జింగు పలక మీద ఎక్కాకే ఇంటి దారి పట్టేవాడట.

చిన్నబిడ్డ నర్సింగు పూర్తయింది, సెంటినరీ కాలనీ దగ్గర ఉద్యోగం కూడా దొరికింది. అన్న దిగిపోయాడు. అంటే రిటైరయ్యాడు. అందుకే ఇదంతా ఇప్పుడు రాస్తున్నాను, ఇక ఎవరూ ఆయనను ఇంటికి పంపలేరు. మా ఆయన మాత్రం ఇంకా బాయి దిగుతున్నాడు.

రిటైరైన మనిషి ఇంట్లో కూర్చోవాలి కదా. అన్న కూర్చోడు. షిఫ్టు వదిలే వేళకు అంగీ తొడుక్కుని బాయి గేటు దాకా పోతాడు. చాయ్‌కి అంటాడు. ఇంట్లో వదిన చేసే చాయ్ కన్నా ఆ బండి చాయ్ బాగుండదని ఆయనకూ తెలుసు. లైటు రూము కిటికీలోంచి మా ఆయన లైటు లోపలికి పోవడం చూసి, వెనక్కి తిరిగి వస్తాడు. మా ఆయన స్నానం చేసి మెల్లగా కుంటుకుంటూ వస్తాడు కాబట్టి అన్నే ముందు చేరతాడు.

చేరి గేటు వేస్తాడు. ఎంత గట్టిగా వేస్తున్నాడో ఆయనకు వినిపించదు, అందుకే ధడేల్మంటుంది. కొత్తగా పక్క వరసలోకి వచ్చిన వాళ్లు ఆ చప్పుడుకు గొణుగుతారు. ఒకామె నాతోనే అంది, ఆ ముసలాయనకు గేటు మెల్లగా వెయ్యమని చెప్పరాదా అక్కా అని. చెప్పనన్నాను.

ఇవాళ ఇది రాస్తూ రెండుసార్లు ఆగాను. షిఫ్టు వదిలే వేళ దాటింది, వీధిలో ఇంకా ఏ చప్పుడూ లేదు. మూడోసారి కలం పట్టుకునేసరికి పక్కింటి గేటు పడింది. లేచి చాయ్ నీళ్లు పెట్టాను.